మడతలో బురద లేదు

మద్దేడ్
సెప్టెంబరు 14

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు శ్రమను గౌరవించేది మైకు ముందు మాత్రమే. మైకు తీసేస్తే నువ్వూ బాబూరావూ ఒకటే. ఈ మాట ఫోనులో అంటే నన్ను రెండో వాక్యం దాటనివ్వవు. "ముందు నేను చెప్పేది విను సుధా" అంటావు. అందుకే ఉత్తరం. కాగితం మీద నన్ను మధ్యలో ఆపడం నీ వల్ల కాదు.

మన పికప్‌ను తుక్కు కొనే కబాడీవాడికి ఇచ్చేయమని బాబూరావుతో కబురు పంపావట. వర్తక సంఘం అధ్యక్షుడు నీకు చెల్లెలికంటే దగ్గరివాడు ఎప్పుడయ్యాడు? ఆయన నా దుకాణం ముందు నిలబడి పదిమంది వినేలా అన్నాడు: "మీ అన్న చెప్పిండమ్మా, ఆ తుక్కు ఇంటి ముందట పెట్టుకునుడు మంచిగ కనపడ్తలేదట." ఎవరికి మంచిగా కనపడటం లేదు? బండి కాగితాలు నీ పేరు మీద ఉన్నాయి, నిజమే. కానీ పదకొండేళ్లుగా దానిలో సరుకు వేసి సంతలన్నీ తిరిగింది నేను. అది లేకపోతే నా దుకాణం మూత పడుతుంది.

ఆగస్టులో ఏం జరిగిందో నీకు తెలియదని కాదు, నువ్వు మరిచిపోతున్నావేమోనని రాస్తున్నాను. వానలో, చీకటి పడే వేళ, మన డ్రైవరు కేసా భోపాలపట్నం సంత నుంచి బండి తెస్తుంటే మలుపులో కల్వర్టు పక్కనుంచి వాగు బురదలోకి దొర్లింది. ముక్కు నుంచి వెనక డాలా తలుపు దాకా బురదే. తర్లగూడ పెళ్లి నుంచి వస్తూ పది నిమిషాల తర్వాత అక్కడికి చేరింది నువ్వు. కాలు విరిగిన కేసాను భుజం మీద వేసుకుని, నీ జీపులో బీజాపూర్ ఆసుపత్రికి చేర్చింది నువ్వు. ఊరంతా నిన్ను మెచ్చుకుంది. నేనైతే పొంగిపోయాను.

అతని దగ్గర ఇప్పసారా వాసన వచ్చిందని ఠాణాలో రాయించిందీ నువ్వే. ఇప్పుడు అతని లైసెన్సు ఠాణా బీరువాలో ఉంది. అతనికి ఎవరూ బండి ఇవ్వకూడదని వర్తక సంఘం తీర్మానం చేసింది. కేసా మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు: "ఎనక నుంచి ఏదో గుద్దింది దీదీ. లైట్లు కనబడ్డయి. ఇగ నాకు తెల్వదు." ఎవరూ నమ్మలేదు. నేను కూడా వారం రోజులు నమ్మలేదు, సిగ్గుపడుతూ రాస్తున్నాను. సారా అనే మాట చెవిన పడగానే మన బుర్రలు తలుపులు వేసుకుంటాయి. ఆ మాట కొలిమి ఇంటి మనిషి గురించి అయితే గడియ కూడా పెట్టుకుంటాయి.

నవంబరు ఆఖరులోగా లైసెన్సు రాకపోతే పెళ్లాన్ని తీసుకుని తెలంగాణకు మిర్చి కోతలకు పోతానంటున్నాడు. ఆ కాలితో!

అందుకని నేనూ, కేసా తల్లి కోసే కలిసి మన వాకిట్లోనే బండి సొట్టలు తీసి సాపు చేస్తున్నాం. మొగుడు పోయాక కొలిమి ముందు కూర్చుని నాగలి కర్రుల దగ్గర నుంచి గొడ్డళ్ల దాకా సాగగొట్టిన మనిషి ఆమె. ముప్పై ఏళ్లు మన దుకాణం మెట్టు కింద నిలబడి ఉప్పు కొనుక్కుంది. ఇప్పుడు మెట్టెక్కి వచ్చి నాకు సుత్తి పట్టుకోవడం నేర్పుతోంది. షావుకార్ల ఆడబిడ్డ కొలిమి పని చేస్తోందని నీకు నామోషీ అయితే ఆ మాట బాబూరావు నోటితో కాదు, నీ చేత్తో రాయి.

నీ చెల్లెలు
సుధామణి

&nbsp;

బచేలీ
సెప్టెంబరు 25

ప్రియమైన సుధకు,

నీ ఉత్తరంలో ఆరోపణలు బోలెడున్నాయి, రుజువు ఒక్కటీ లేదు. కులం నామోషీ అట! ముప్పై మూడేళ్లు కార్మికుల తరఫున గొంతు చించుకున్నవాడికి నువ్వు పాఠం చెబుతున్నావు. నా అభ్యంతరం సుత్తి పట్టుకున్న చేతి మీద కాదు, దాని కింద ఉన్న రేకు మీద.

పెద్ద వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చెబుతున్నాను. మా దగ్గర వంగినదాన్ని ఎవడూ సాపు చెయ్యడు. విప్పి పక్కన పడేసి కొత్తది బిగిస్తాడు. ఒకసారి వంగిన ఇనుముకు మునుపటి సత్తువ ఉండదు. రేపు ఆ బండి మళ్లీ పల్టీ కొడితే దానికి బాధ్యులెవరు? నువ్వా? కోసేనా? భద్రతా కమిటీ కార్యదర్శి చెల్లెలు ఇంటి వాకిట్లో ఛాసిస్ సాగగొట్టిందని పేపర్లో వస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

అయినా మొండిగా చేస్తానంటే నా సలహాలు విను. స్టీరింగు కడ్డీలు సాపు చెయ్యకు, కొత్తవి వేయించు. ముందు భాగం ఏదో చేసుకో. వెనక డాలా జోలికి పోవద్దు. దాని మీద రెండు సొట్టలు బండిని బురదలోంచి లాగేటప్పుడు ట్రాక్టరు తగిలి పడినవి. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి నేను అక్కడే ఉన్నాను, నా కళ్లతో చూశాను. అది పనికిరాని రేకు, తీసి పారెయ్.

జనవరిలో నా రిటైర్మెంటు. వీడ్కోలు సభకు అన్ని సంఘాలవాళ్లూ వస్తున్నారు. అందాకా నన్ను ప్రశాంతంగా ఉండనివ్వు. అన్నట్టు జీపు అమ్మేశాను. వయసు మీద పడుతోంది, ఇక బస్సు ప్రయాణాలే.

ఆశీస్సులతో
మీ అన్నయ్య చక్రధరరావు

&nbsp;

మద్దేడ్
అక్టోబరు 10

ప్రియమైన అన్నయ్యకు,

రుజువు అడిగావు కదా, కూర్చుని చదువు.

ముందు పని సంగతి. కోసే మొదటి రోజు సుత్తి ముట్టనివ్వలేదు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగింది, ప్రతి సొట్ట మీదా అరచేయి ఆనించింది. తర్వాత నన్ను అడిగింది: "ఏ దెబ్బ ముందు, ఏ దెబ్బ ఎనక, చెప్పు దీదీ."

"అదెందుకు?" అన్నాను.

"ఎట్ల వంగిందో అట్లనే ఎనక్కి పోవాలె. కడపటి దెబ్బ ముందుగాల తియ్యాలె. మొదటి దెబ్బ కడపట తియ్యాలె. తప్పితే ఇనుము మొండికేస్తది. ఒక దిక్కు కొడితే ఇంకో దిక్కు లేస్తది."

మీ పెద్ద వర్క్‌షాపులో ఈ సంగతి తెలుసా? విప్పి పారేసేవాడికి దెబ్బల వరసతో పనేముంది!

ముందు భాగం కల్వర్టుకు తగిలింది, నువ్వు రాసినట్టు డాలా మీద సొట్టలు ఆఖరున ట్రాక్టరువి అని చెప్పాను. అంటే మొదట విప్పాల్సింది డాలా. నువ్వు వద్దన్నదాని దగ్గరే మొదలుపెట్టాం. నీ మాట నమ్మినందుకే అక్కడ మొదలుపెట్టాం, ఇది గుర్తుంచుకో.

డాలా ఊడదీసి రెండు మొద్దుల మీద పరిచాం. దానికి అడుగున రేకు రెండు చోట్ల లోపలికి మడతపడి మూసుకుపోయింది. ఒక్కో మడత మీద ఒక్కో గుండ్రటి సొట్ట. రెండూ ఒకే ఎత్తున, మూరెడు ఎడంగా ఉన్నాయి. కోసే బొగ్గుల మీద రేకును కొంచెం వేడి చేసింది. రేకు కింద ఆనించడానికి మా వంటింటి పొత్రం తెచ్చాను. పప్పు రుబ్బి రుబ్బి నున్నగా అయిన రాయి, అంతకంటే మంచి దాగలి దిమ్మె ఏముంది? పైనుంచి తుమ్మకర్ర సుత్తితో నేను కొడుతుంటే ఆమె ఇనుప పట్టీ దూర్చి మడత విప్పింది. రాయి మీద సరిగ్గా పడితే ఖంగుమంటుంది, తప్పితే డబ్బుమంటుంది. మొదటి గంట అంతా డబ్బు డబ్బే. "దీదీ, బియ్యం దంచుతున్నవా?" అని నవ్వింది. సాయంత్రానికి ఖంగుమనిపించాను. నలభై తొమ్మిదేళ్లలో నా చేతులు చేసిన చప్పుళ్లలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే.

బాబూరావు ఊరుకుంటాడా? గేటు దగ్గర ఆగి, "ఏంది సుధమ్మా, దుకాణం మూసి కొలిమి పెట్టినవా?" అన్నాడు.

"మీ తరాజు ముల్లు వంగిందట కదా బాబూరావు గారూ, తెండి, అది గూడ సాపు చేస్తం" అన్నాను. సందులో ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయన మళ్లీ అటు రాలేదు.

ఇక అసలు సంగతి. మొదటి మడత విప్పుకుంది. లోపల ఏముందో తెలుసా? ఏమీ లేదు. తెల్ల రంగు, నిన్న వేసినట్టు మెరుస్తోంది. ఎర్ర బురద ఒక్క చుక్క లేదు. డాలా పైన మాత్రం ప్రతి సందులో బురద ఎండి పెంకు కట్టి ఉంది.

కోసే పట్టీ కింద పెట్టేసింది. ఆ తెల్ల రంగు మీద వేలు రాసి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "బండి బురదల పడ్డంక ఈ మడత పడితే లోపల బురద నలగాలె గద దీదీ? ఇది కడపటి దెబ్బ కాదు. ఇదే మొదటిది. నా కొడుకు అబద్ధం చెప్పలే."

అన్నయ్యా, నువ్వు ట్రాక్టరు దెబ్బ అని పొరపడ్డావు. వానలో, గాభరాలో ఎవరైనా పొరపడతారు. బండి బురదలో పడకముందే వెనక నుంచి ఎవడో గుద్దాడు. గుద్ది వెళ్లిపోయాడు. నువ్వు పది నిమిషాల వెనక వస్తున్నావు కదా, నిన్ను దాటి హడావిడిగా ముందుకు పోయిన బండి ఏదైనా ఉందా? లారీయా, జీపా? గుర్తు చేసుకో. వాడెవడో నువ్వూ నేనూ కలిసి పట్టుకుందాం. సారా వాసన సంగతి కూడా మరోసారి ఆలోచించు.

నీ చెల్లెలు
సుధామణి

&nbsp;

బచేలీ
అక్టోబరు 19

ప్రియమైన సుధకు,

కొడుకు నిర్దోషి అని తల్లి చెప్పేది సాక్ష్యం కాదు. వాన పడింది, మడతలోంచి బురద కడిగేసి ఉండొచ్చు. నన్ను ఏ బండీ దాటిపోలేదు.

నా మాట విను. రిటైర్మెంటు తర్వాత నీకు నేనే వేరే బండి కొనిపెడతాను. ఆ డాలాతో సహా పాతదాన్ని వదిలించుకో. పాతవి తవ్వకు. నాకీమధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మీ అన్నయ్య
చక్రధరరావు

&nbsp;

మద్దేడ్
నవంబరు 6

ప్రియమైన అన్నయ్యకు,

బండి నడిచింది!

మడత మూసుకుపోయి ఉంటే వాన లోపలికి ఎలా వెళ్లి కడుగుతుంది? ఫోర్‌మన్‌వి, ఆ ప్రశ్న నువ్వే వేసుకోవాల్సింది. నీ మనసు బాగాలేదని అర్థమైంది. సంతోషం కలిగించే సంగతులు రాస్తాను.

దెబ్బల వరస తెలిశాక ముందు భాగం మొదలుపెట్టాం. వాకిట్లో రైలు పట్టా ముక్క నిలువునా పాతి, దానికి చైన్ పుల్లీ కట్టి, వంగిన ఛాసిస్ ముందు కొమ్మును రోజుకు రెండు వేళ్ల మందం చొప్పున లాగాం. అది మాత్రం చల్లగానే లాగాలి, వేడి చేస్తే సత్తువ పోతుందని కోసే బొగ్గుల కుంపటిని దాని దరిదాపులకు రానివ్వలేదు. మడ్‌గార్డు రేకు సాగి ఉబ్బిన చోట రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి తడిగుడ్డ ఒత్తింది. సుయ్‌మని ముడుచుకుని కూర్చుంది. స్టీరింగు కడ్డీలు కొత్తవే వేయించాను. ఆ ఒక్క విషయంలో నీ మాట నిజం, ఒప్పుకుంటున్నాను.

ఛాసిస్ సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి కొలత యంత్రాలు మా దగ్గర లేవు. బట్టలారేసే తాడు తీసి ఐమూలగా ఒక మూల నుంచి ఎదురు మూలకు పట్టి ముడి వేశాం. అదే తాడు రెండో మూల నుంచి పట్టాం. ముడి వచ్చి సరిగ్గా బోల్టు తల మీద ఆగింది: రెండు కొలతలూ ఒకటే, వంకర పోయింది. కోసే తాడు చుట్టి నా చేతిలో పెట్టి, నా భుజం మీద ఒక్కటి చరిచింది. ఇప్పటికీ నొప్పిగా ఉంది. పోకూడదనుకుంటున్నాను.

మొన్న సంతకు నేనే నడుపుకుంటూ వెళ్లాను. బానెట్ మీద సుత్తి గుర్తులు కనపడుతున్నాయి, కనపడనీ! రంగు వేసి దాచేది లేదు. ఈ బండిని ఇద్దరు ఆడవాళ్లు ఇంటి వాకిట్లో నిలబెట్టారని దారిన పోయేవాడికి తెలియాలి. పక్క సీట్లో కోసే కూర్చుంది. "ఎనక నిలబడ దీదీ, ముందట్నే కూసుంట" అని తనే ఎక్కింది. సంతలో జనం చుట్టూ మూగి బానెట్ తడిమి చూస్తుంటే ఆమె మెడ ఎంత నిటారుగా నిలబెట్టిందో నువ్వు చూడాల్సింది.

కేసా మాత్రం ఎక్కలేదు. కర్ర పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. "సర్కారు కాయితంల తాగుబోతునని ఉన్నది దీదీ. అది పోయేదాక ఈ బండి నేను ముట్ట" అన్నాడు. ఇరవై ఐదో తారీఖున మిర్చి కూలీల బండిలో పేరు రాయించుకున్నాడు.

అందుకే ఒక పని చేశాం. డాలా మీద రెండో మడత ఇంకా విప్పలేదు. ఇరవై ఒకటిన సంత రోజు, ఠాణావాళ్లను, వర్తక సంఘాన్ని, ఊరందరినీ పిలిచి వాళ్ల కళ్ల ముందే విప్పుతాం. లోపల బురద ఉంటే కేసా మాట తప్పని ఒప్పుకుంటాం. లేకపోతే గుద్దినవాడి కోసం వెతకమని అక్కడికక్కడే ఫిర్యాదు ఇస్తాను. నువ్వూ రావాలి. మొదట అక్కడికి చేరిన మనిషివి.

నీ చెల్లెలు
సుధామణి

&nbsp;

బచేలీ
నవంబరు 12

సుధా,

రెండో మడత విప్పాల్సిన పని లేదు. దానిలో బురద ఉండదు. నాకు తెలుసు.

గుద్దింది నా జీపు. ముందున్న ఇనుప గార్డుకు రెండు గొట్టాలు ఉండేవి, మూరెడు ఎడంగా. నీ ఉత్తరంలో ఆ కొలత చదివిన రోజు అన్నం తినలేకపోయాను.

నేను పది నిమిషాల వెనక లేను. పది గజాల వెనక ఉన్నాను. ఫోనులో మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడుతున్నానో కూడా రాస్తాను, దాచి లాభం లేదు. భద్రతా వారోత్సవం నినాదాల గురించి వాదిస్తున్నాను. బండి నడుపుతూ ఫోను మాట్లాడరాదన్న నినాదం రెండో బోర్డు మీద ఉండాలని కమిటీవాళ్లు, మొదటి బోర్డు మీదే ఉండాలని నేను. ఎదురుగా పికప్ వెనక దీపాలు వెలిగాయి. వాదన గెలిచే మాట నోట్లో ఉంది. బ్రేకు ఆ మాట తర్వాత వేశాను.

కేసాను పైకి లాగినప్పుడు అతని దగ్గర డీజిలు వాసన, బురద వాసన వచ్చాయి. సారా వాసన రాలేదు. ఠాణాలో "తాగి ఉన్నాడా?" అని వాళ్లే అడిగారు. నేను ఊ అన్నాను. అంత తేలిగ్గా అయిపోయింది. ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

వర్క్‌షాపు పేరు చెప్పి నీకు పాఠాలు చెప్పాను. నేను నా చేత్తో ఒక్క రేకు కూడా సాపు చేసిన పాపాన పోలేదు.

ఒక్కటి అడుగుతాను. జనవరి ముప్పై ఒకటి దాకా ఆగు. సభ అయిపోనీ, పింఛను కాగితాల మీద సంతకాలు అయిపోనీ. ఫిబ్రవరి ఒకటిన నేనే వచ్చి చెబుతాను. ఒట్టు.

చక్రధరరావు

&nbsp;

మద్దేడ్
నవంబరు 15

ప్రియమైన అన్నయ్యకు,

అవును, ప్రియమైన అనే రాస్తున్నాను. ఆ మాట కొట్టేద్దామని రెండుసార్లు కలం ఎత్తాను, చెయ్యి రాలేదు. అంతమాత్రాన మెత్తబడ్డాననుకోకు.

నీ ఉత్తరం కోసేకు చదివి వినిపించాను. నాకు దాచే హక్కు లేదు. ఆమె మొత్తం విని అడిగింది ఒక్కటే: "నా కొడుకును బురదలకెళ్లి తీసినోడే, తాగిండని చెప్పిండా?" అవునన్నాను. తర్వాత, "మంచిది. ఇగ వెతికే పని లేదు" అని లేచి, మడ్‌గార్డుకు మిగిలిన బోల్టులు బిగించడానికి వెళ్లింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

ఫిబ్రవరి అంటావా? నీ సభ జనవరిలో, అతని మిర్చి బండి ఈ నెల ఇరవై ఐదున. నీ మెడలో దండ పడేదాకా అతను ఎర్రటెండలో కుంటుకుంటూ కాయలు కొయ్యాలా? కార్మికుడి పక్షాన ముప్పై మూడేళ్లు మాట్లాడావు. ఒక్క కార్మికుడి పక్కన నువ్వు నిలబడాల్సి వచ్చిన రోజున ఊ అన్నావు. ఠాణావాళ్లు ఇంకో ప్రశ్న వెయ్యలేదన్నావు. ఎందుకు వేస్తారు? అడిగింది నీలాంటి పెద్దమనిషిని, చెప్పింది కేసా లాంటివాడి గురించి. ఆ అన్యాయం ఎలా నడుస్తుందో మీటింగుల్లో నాకు నేర్పింది నువ్వే. నువ్వు అప్పుడు చెప్పిన ప్రతి మాటా నిజం. అదే నాకు ఎక్కువ మంటగా ఉంది.

అయినా ఈ ఇంటి వాకిలిని చూసి నాకు గర్వంగా ఉంది. పొత్రం, తుమ్మకర్ర సుత్తి, కాసిని బొగ్గులతో ఇద్దరు ఆడవాళ్లు ఒక బండిని నిలబెట్టారు, ఒక మనిషి మాటను నిలబెట్టారు. పోలీసులు, వర్తక సంఘం, భద్రతా కమిటీ కలిసి చెయ్యలేనిది అది. నిజం చెప్పాలంటే, నువ్వు రాశావన్నది కూడా ఒక మూల నాకు ఊరటే. రాయకుండా ఉండగలిగేవాడివి. రాశావు. కానీ నాకు రాస్తే సరిపోదు, నాకు కాలు విరగలేదు.

ఇరవై ఒకటిన సంతలో డాలా మాత్రం తప్పకుండా ఉంటుంది. దాని పక్కన నువ్వు ఉంటావా లేదా అన్నదే తేలాలి. నువ్వు రాకపోతే నీ ఉత్తరం నేను చదువుతాను.

డిమాండ్లు వేరే కాగితం మీద రాశాను. బేరాలు లేవు.

నీ చెల్లెలు
సుధామణి

&nbsp;

డిమాండ్లు

1. నవంబరు 20 సాయంత్రానికల్లా మద్దేడ్ చేరాలి.

2. ఠాణాలో పాత వాంగ్మూలం తప్పని, గుద్దింది నువ్వేనని, కేసా తాగలేదని నీ చేత్తో రాసివ్వాలి.

3. 21న సంతలో అదే మాట ఊరందరికీ వినపడేలా తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాలి. గోండీలో కేసా మనుషులు చెబుతారు, అప్పుడు కదలకుండా నిలబడాలి.

4. వర్తక సంఘం తీర్మానం ఆ రోజే రద్దు చేయించాలి. నోటిమాట చాలదు, కాగితం కావాలి.

5. లైసెన్సు కేసా చేతికి వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ నువ్వు తిరగాలి. అతన్ని తిప్పకూడదు.

6. పికప్ కాగితాలు నా పేరుకు మార్చాలి.

7. మీ భద్రతా కమిటీకి జరిగింది నువ్వే రాయాలి. సభకు ముందే.

8. క్షమించమని కేసాను అడగకూడదు. చేసింది చెప్పి ఆగాలి. ఆ తర్వాత మాట్లాడే వంతు అతనిది.